పక్క నోడ్‌లో 50 జీబీ ఖాళీగా ఉంటే ఓఓఎం ఎందుకొచ్చింది

రెండు సాకెట్ల సర్వర్. ఒక్కో సాకెట్‌కి 64 జీబీ, మొత్తం 128 జీబీ ర్యామ్. ఒక్కో సాకెట్ సీపీయూలూ దాని దగ్గరి ర్యామూ కలిపి ఒక నోడ్. ఫ్రీ కమాండ్ కొడితే ఇంకా 50 జీబీ పైనే ఖాళీ కనిపిస్తోంది. అయినా డేటాబేస్ ప్రాసెస్‌ని కెర్నల్ చంపేసింది. డీమెస్గ్‌లో, అంటే కెర్నల్ సందేశాల లాగ్‌లో, ఓఓఎం-కిల్ (అవుట్ ఆఫ్ మెమరీ, మెమరీ చాలక చంపడం) అన్న వరుస వెతికితే అందులో కన్‌స్ట్రెయింట్_మెమరీ_పాలసీ, నోడ్‌మాస్క్=0 అని ఉంటుంది. చాలామంది ఆ వరుసలో ప్రాసెస్ పేరూ పీఐడీ చూసుకుని మిగతాది వదిలేస్తారు. జవాబు ఆ వదిలేసిన ముక్కలోనే ఉంది. ఈ ప్రాసెస్ నోడ్ 0 మెమరీ తప్ప ఇంకోటి ముట్టకూడదని ఎవరో ముందే కట్టేశారు. నోడ్ 0 నిండిపోయింది. నోడ్ 1లో ఎంత ఖాళీ ఉన్నా ఆ ప్రాసెస్‌కి అది లేనట్టే. అదే చోట కన్‌స్ట్రెయింట్_సీపీయూసెట్ అని ఉంటే కట్టేసింది సీపీయూసెట్, అంటే ప్రాసెస్‌లు ఏ సీపీయూలూ ఏ నోడ్‌లూ వాడొచ్చో హద్దు పెట్టే ఏర్పాటు. కన్‌స్ట్రెయింట్_మెమ్‌సీజీ అని ఉంటే నోడ్‌లతో సంబంధం లేదు, సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపు) మెమరీ పరిమితి దాటింది.

ఇలాంటివి విప్పాలంటే ఒక పేజీ (కెర్నల్ మెమరీని పంచే 4 కేబీ ముక్క) ఏ నోడ్ ఖాతాలో పడుతుందో, ఎప్పుడు పడుతుందో తెలియాలి. అది రెండు విడతల్లో తేలుతుంది. ఫలానా భౌతిక చిరునామా ఏ నోడ్‌ది అన్నది బూట్‌లో, ఫర్మ్‌వేర్ ఇచ్చిన పట్టిక చూసి. ఫలానా ప్రాసెస్‌కి ఏ నోడ్ పేజీ దక్కుతుంది అన్నది ఆ పేజీని మొదటిసారి ముట్టుకున్న క్షణాన. నూమా (మెమరీ నోడ్‌ల మధ్య పంచి ఉండి, దగ్గరిది వేగంగా, దూరంది నెమ్మదిగా అందే ఏర్పాటు) గొడవలు చాలావరకు ఈ రెండిట్లో ఏదో ఒకదాని దగ్గరే పుడతాయి కాబట్టి వెతకడం కూడా అదే వరుసలో చేస్తే మేలు. కింద చెప్పేదంతా లినక్స్ గురించి, ఎక్కువగా ఎక్స్86-64 మీద.

ఫర్మ్‌వేర్ రాసిన అడంగల్

ఏసీపీఐలో, అంటే ఫర్మ్‌వేర్ హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కి చెప్పే పద్ధతిలో, ఎస్‌రాట్ అని ఒక పట్టిక ఉంటుంది. ఈ మెమరీ రేంజ్ ఇక్కడ మొదలు, ఇంత పొడవు, ఈ ప్రాక్సిమిటీ డొమైన్‌ది (కెర్నల్ దీన్నే నోడ్ చేస్తుంది). ఈ సీపీయూ ఈ డొమైన్‌ది అని అందులో రాసి ఉంటుంది. ఊళ్లో అడంగల్ లాంటిదే. కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లదే పొలం. నేల మీద ఎవరు దున్నుతున్నారో చూసి రావడానికి కెర్నల్ వెళ్లదు, లేటెన్సీ కొలిచి సరిచూసుకోదు. నోడ్‌ల మధ్య దూరాలు స్లిట్ అనే ఇంకో పట్టికలో ఉంటాయి. తనకు తాను ఎప్పుడూ 10. పక్క సాకెట్ సాధారణంగా 20 లేదా 21. 255 అంటే అక్కడికి దారే లేదని. 21 అంటే 2.1 రెట్లు నెమ్మది అని చదువుకోవాలి గానీ, అది బయోస్ రాసినవాళ్లు వేసిన అంకె, కొలత అనుకోకండి.

పైన చెప్పిన 128 జీబీ మెషిన్ని దగ్గరగా చూద్దాం. నోడ్ 0కి 64 జీబీ ఉంది కదా అని 0 నుంచి 64 జీబీ దాకా వరసగా ఉండదు. 4 జీబీ కింద పీసీఐ పరికరాల కోసం చోటు వదలాలి. ఆ హోల్ 2 జీబీ అనుకుంటే నోడ్ 0 రెండు ముక్కలు: 0 నుంచి 2 జీబీ, మళ్లీ 4 నుంచి 66 జీబీ. నోడ్ 1 ఒకటే ముక్క: 66 నుంచి 130 జీబీ. 128 జీబీ ర్యామే ఉన్నా చివరి చిరునామా 130 జీబీ దగ్గర తేలేది అందుకే. డీమెస్గ్‌లో ఎస్‌రాట్ అని వెతికితే ఈ రేంజ్‌లు వరుసగా కనిపిస్తాయి. ఎర్లీ మెమరీ నోడ్ రేంజెస్ అన్న శీర్షిక కింద వీటినే ఈ820 మ్యాప్‌తో (ఏ చిరునామాల్లో ర్యామ్ ఉందో ఫర్మ్‌వేర్ ఇచ్చే జాబితా) కలిపి, ఫర్మ్‌వేర్ అట్టిపెట్టుకున్నవి తీసేసి, మళ్లీ చూపిస్తుంది.

ఈ రెండు జాబితాలూ పొసగాలి. ఈ820 చూపించిన ర్యామ్‌లో 1 ఎంబీ కన్నా ఎక్కువ భాగానికి ఎస్‌రాట్‌లో యజమాని లేకపోతే కెర్నల్ ఆ పట్టికనంతా పక్కన పడేస్తుంది. అప్పుడు నో నూమా కాన్ఫిగరేషన్ ఫౌండ్, ఫేకింగ్ ఎ నోడ్ అన్న వరుసలు వచ్చి, 128 జీబీ అంతా నోడ్ 0 అయి కూర్చుంటుంది. మెషిన్ బాగానే నడుస్తుంది, ఒక్క ఎర్రర్ ఉండదు, స్పీడ్ మాత్రం ఉండదు. రెండు సాకెట్లుండి నూమాసీటీఎల్ కమాండ్ హార్డ్‌వేర్ ఆప్షన్ ఒకే నోడ్ చూపిస్తే మొదట ఈ వరుసల కోసం వెతకండి. అవి కూడా లేకపోతే బూట్ లైన్‌లో నూమా=ఆఫ్ ఎవరైనా పెట్టారేమో, బయోస్‌లో నోడ్ ఇంటర్‌లీవింగ్ ఆన్‌లో ఉందేమో చూడాలి. ఆ ఇంటర్‌లీవింగ్ ఆన్ అయితే రెండు సాకెట్ల మెమరీని హార్డ్‌వేరే కలిపేసి ఒకే ముద్దగా చూపిస్తుంది.

దీనికి తలకిందుల కేసు కూడా ఉంది. సాకెట్లు రెండే, నోడ్‌లు మాత్రం ఎనిమిది కనిపిస్తాయి. ఏఎండీ ఎపిక్‌లో ఎన్‌పీఎస్ (సాకెట్‌కి ఎన్ని నోడ్‌లు) సెట్టింగ్ 4 అయితే ఒక్కో సాకెట్ నాలుగు నోడ్‌లవుతుంది. ఇంటెల్‌లో ఎస్‌ఎన్‌సీ (సబ్-నూమా క్లస్టరింగ్) ఆన్ చేసినా ఇలాగే చీలుతుంది. 2017లో వచ్చిన మొదటి తరం ఎపిక్‌లో అయితే సాకెట్‌లో నాలుగు డైలు, ఒక్కో డైకి రెండు మెమరీ చానళ్లు. అక్కడ ఈ చీలిక సెట్టింగ్ కాదు, సిలికాన్‌లోనే ఉంది. ఎన్‌పీఎస్4లో నోడ్ చిన్నదైపోతుంది కాబట్టి, నిన్నటి దాకా 64 జీబీ నోడ్‌లో సరిపోయిన మెంబైండ్ (ఈ నోడ్ మెమరీయే వాడాలన్న కట్టు), బయోస్ అప్‌డేట్ తర్వాత 16 జీబీ నోడ్‌లో ఇరుక్కుని ఓఓఎంకి పోవచ్చు. ఇలాంటప్పుడు అప్లికేషన్ లాగ్‌లు ఎంత తవ్వినా ఏమీ దొరకదు.

రేంజ్ నుంచి పేజీ దాకా

బూట్ మొదట్లో పేజీలు పంచే బడ్డీ అలొకేటర్ ఇంకా లేవదు. అప్పటిదాకా లెక్క చూసేది మెమ్‌బ్లాక్. దాని దగ్గర రెండు జాబితాలు: ఉన్న మెమరీ, వాడేసిన మెమరీ. ఒక్కో రేంజ్‌కి మొదలు, పొడవు, నోడ్ నంబర్. ఎస్‌రాట్ చదివాక కెర్నల్ ఈ రేంజ్‌ల మీద నోడ్ నంబర్ల ముద్ర వేస్తుంది. ఒక రేంజ్ రెండు నోడ్‌ల మీదుగా పోతే అక్కడ కోస్తుంది, పక్కపక్కన ఒకే నోడ్ ముక్కలుంటే అతుకుతుంది. తర్వాత ఒక్కో నోడ్‌కి పీజీలిస్ట్_డేటా అనే స్ట్రక్చర్ ఆ నోడ్ మెమరీలోనే పెట్టడానికి ప్రయత్నిస్తుంది.

నోడ్ లోపల జోన్లు. డీఎంఏ జోన్ మొదటి 16 ఎంబీ, డీఎంఏ32 జోన్ 4 జీబీ దాకా, ఆపైన నార్మల్. మన మెషిన్లో 4 జీబీ కింది మెమరీ అంతా నోడ్ 0దే కాబట్టి డీఎంఏ, డీఎంఏ32 రెండూ నోడ్ 0లోనే ఉంటాయి. నోడ్ 1కి నార్మల్ ఒక్కటే. 32 బిట్ చిరునామాలే తెలిసిన పాత కార్డుని నోడ్ 1 స్లాట్‌లో పెట్టి, మధ్యలో ఐఓఎంఎంయూ (పరికరాల చిరునామాలు మార్చిచ్చే హార్డ్‌వేర్) లేకుండా నడిపితే దాని బఫర్లు నోడ్ 0 నుంచే రావాలి. ఇందులో కెర్నల్ తప్పేం లేదు, అక్కడ అలాంటి మెమరీయే లేదు మరి.

ప్రాక్ కింద జోన్‌ఇన్ఫో ఫైల్ తెరిస్తే జోన్‌కి మూడు అంకెలు కనిపిస్తాయి: స్పాన్డ్, ప్రెజెంట్, మేనేజ్డ్. మూడూ ఒకటే అనుకుని స్క్రిప్టులు రాసేవాళ్లు బోలెడుమంది. నోడ్ 0 డీఎంఏ32 జోన్ తీసుకోండి. 16 ఎంబీ నుంచి 4 జీబీ దాకా దాని విస్తీర్ణం, అంటే 4 కేబీ పేజీల్లో స్పాన్డ్ 1044480. కానీ 2 జీబీ పైన హోల్. ఉన్నవి 520192 పేజీలు. వాటిలోంచి ఫర్మ్‌వేర్ అట్టిపెట్టుకున్నవి కూడా పోతే ప్రెజెంట్ ఇంకాస్త తక్కువ. బడ్డీ చేతికి అందినవి మేనేజ్డ్. ఎంత ఖాళీ, ఎంత వాడకం అని శాతాలు కట్టాలంటే మేనేజ్డ్‌తోనే కట్టాలి. స్పాన్డ్‌తో కడితే హోల్‌ని కూడా ర్యామ్‌గా లెక్కేసినట్టే.

నోడ్ 1లో హోల్ లేదు. స్పాన్డ్ 16777216. అయినా నూమాసీటీఎల్ దాని సైజు 65536 ఎంబీ అని చూపించదు, 64500 ఎంబీ చుట్టుపక్కల చూపిస్తుంది. మిగతా జీబీ ఎవరూ దొంగిలించలేదు. ప్రతి 4 కేబీ పేజీకి దాని వివరాలు రాసుకునే 64 బైట్ల స్ట్రక్ట్ పేజ్ ఒకటి ఉండాలి. 64 జీబీకి అది సరిగ్గా 1 జీబీ. మామూలుగా అది ఆ నోడ్‌లోనే కూర్చుంటుంది. టెరాబైట్ ర్యామ్ కొన్నవాళ్లు 16 జీబీ దీనికే ధారపోస్తారు.

ఈ స్ట్రక్ట్ పేజ్‌లని సెక్షన్ల వారీగా పరుస్తారు. ఎక్స్86-64లో సెక్షన్ 128 ఎంబీ, అంటే 32768 పేజీలు, వాటి స్ట్రక్ట్ పేజ్‌లకి 2 ఎంబీ. నోడ్ 1 మొదలయ్యే 66 జీబీ అంటే 528వ సెక్షన్. 2 నుంచి 4 జీబీ మధ్య హోల్‌లో సెక్షన్లకి స్ట్రక్ట్ పేజ్‌లు వేయరు, అందుకే దీన్ని స్పార్స్‌మెమ్ అన్నారు. పేజీ ఏ నోడ్‌దో తెలియాలంటే పట్టిక వెతకక్కర్లేదు. నోడ్ నంబర్ స్ట్రక్ట్ పేజ్ ఫ్లాగ్స్‌లోనే కొన్ని బిట్లుగా ఇమిడి ఉంటుంది. 64 నోడ్‌లకి 6 బిట్లు, 1024 నోడ్‌లకి 10.

నోడ్ నంబర్లు 0, 1, 2 అని వరసగానే ఉంటాయనుకోకండి. ఐబీఎం పవర్9 ఏసీ922లో సాకెట్ల మెమరీ నోడ్ 0, నోడ్ 8. జీపీయూల మెమరీ నోడ్ 252, 253 అలా పైనుంచి. 0 నుంచి నోడ్‌ల సంఖ్య దాకా లూప్ తిప్పే కోడ్ అక్కడ రెండో సాకెట్‌ని చూడనే చూడదు. సిస్ కింద డివైసెస్, సిస్టమ్, నోడ్ డైరెక్టరీలో హ్యాజ్_మెమరీ ఫైల్ ఉంటుంది, జాబితా అక్కడ నుంచి తీసుకోవాలి. ఆన్‌లైన్ ఫైల్‌లో మెమరీ లేని నోడ్‌లు కూడా ఉంటాయి. 2018లో వచ్చిన థ్రెడ్‌రిప్పర్ 2990డబ్ల్యూఎక్స్ అచ్చం అలాంటిది: నాలుగు డైలు, వాటిలో రెండిటికే మెమరీ చానళ్లు. మిగతా రెండు డైల కోర్లకి ప్రతి పేజీ పక్కింటి నుంచే. సర్వర్లో కూడా ఒక సాకెట్ డిమ్‌లు (ర్యామ్ స్టిక్‌లు) పీకేసి నడిపితే ఇదే స్థితి. డ్రైవర్ కోడ్ రాసేవాళ్లు ఇలాంటిచోట సీపీయూ_టు_నోడ్ బదులు సీపీయూ_టు_మెమ్ వాడాలి, అది మెమరీ ఉన్న దగ్గరి నోడ్ ఇస్తుంది.

నోడ్ నిండితే

ప్రతి నోడ్‌కీ ఒక జోన్‌లిస్ట్ ఉంటుంది: ముందు నా జోన్లు, అవి కుదరకపోతే దూరం తక్కువున్న నోడ్‌వి, ఆ తర్వాత ఇంకా దూరంవి. కొత్త కెర్నళ్లు బూట్‌లో ఫాల్‌బ్యాక్ ఆర్డర్ ఫర్ నోడ్ అని ఈ వరుసని ముద్రిస్తాయి కూడా. రెండు నోడ్‌లకి దీని గురించి ఆలోచించేదేం లేదు, ఎనిమిది నోడ్‌లకి ఓసారి చూడటం మంచిది. జీఎఫ్‌పీ_థిస్‌నోడ్ ఫ్లాగ్‌తో అడిగితే ఫాల్‌బ్యాక్ లేని రెండో జాబితా వాడుతుంది. దొరికితే అక్కడే, లేకపోతే లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. నోడ్ 0లో 40 జీబీ పేజ్ కాష్ (డిస్క్ నుంచి చదివిన ఫైళ్ల నకలు) పేరుకుని ఉంది. అది అవసరమైతే వదిలించుకోగల మెమరీయే. నోడ్ 0 మీద నడుస్తున్న ప్రాసెస్ పేజీ అడిగింది. కాష్‌ని ఖాళీ చేసి ఇక్కడే ఇస్తుందని అనుకుంటాం. ఇవ్వదు. నోడ్ 0 ఖాళీ పేజీలు 'లో' వాటర్‌మార్క్ (ఖాళీ ఇంతకన్నా తగ్గకూడదన్న హద్దు) కిందికి వస్తే అలొకేటర్ జోన్‌లిస్ట్‌లో ముందుకు జరిగి నోడ్ 1 నుంచి తీసిస్తుంది. జాబితాలో ఎక్కడా దొరక్కపోతేనే కేస్వాప్‌డీలని (మెమరీ ఖాళీ చేసే కెర్నల్ థ్రెడ్‌లు) లేపుతుంది. నోడ్ 1లో చోటున్నంతకాలం నోడ్ 0 కాష్ జోలికి ఎవరూ పోరు. రాత్రి బ్యాకప్ నోడ్ 0 మీద నడిచి కాష్ నింపేస్తే, పొద్దున రీస్టార్ట్ చేసిన డేటాబేస్ సగం మెమరీ పక్క నోడ్‌లో పడుతుంది. నిన్న బాగుంది, ఇవాళ నెమ్మది, మధ్యలో ఎవరూ ఏమీ మార్చలేదు అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. నోడ్‌ల వారీ లెక్క నూమాస్టాట్ ఎం ఆప్షన్‌తో వస్తుంది. అందులో ఫైల్‌పేజెస్ వరుస చూడండి. పెద్ద ప్రాసెస్ మొదలుపెట్టే ముందు సింక్ కొట్టి డ్రాప్_క్యాషెస్‌లో 1 రాయడం మొరటు పనే, కానీ ఈ ఒక్క సందర్భంలో నేను తప్పుపట్టను.

ఇక్కడే ఇచ్చి తీరు, కాష్ ఖాళీ చెయ్ అని చెప్పే మీట కూడా ఉంది: వీఎం.జోన్_రీక్లెయిమ్_మోడ్. 1 రాస్తే పక్క నోడ్‌కి పోయేముందు ఇక్కడే కాష్ వదిలిస్తుంది, 2 కలిపితే డర్టీ పేజీలు (డిస్క్‌కి ఇంకా చేరనివి) రాసి మరీ, 4 కలిపితే స్వాప్ చేసి మరీ. ఒకప్పుడు నోడ్‌ల దూరం ఒక హద్దు దాటితే కెర్నలే దీన్ని ఆన్ చేసేది. ఫైల్ సర్వర్లలోనూ డేటాబేస్‌లలోనూ సగం ర్యామ్ ఖాళీగా ఉండగానే కాష్ నిలవక, డిస్క్ అరిగిపోయేలా చదువుతుంటే జనం తలలు పట్టుకున్నారు. 2014లో 3.16 కెర్నల్ నుంచి డిఫాల్ట్‌గా ఆఫ్. పాత ట్యూనింగ్ గైడ్‌లలో దాన్ని 0 చెయ్యమని ఇంకా రాస్తూనే ఉంటారు. అది ఇప్పుడు ఎలాగూ 0యే.

మొదట ముట్టినవాళ్ల నోడ్

మాలాక్ మెమరీ ఇవ్వదు, చిరునామాలు ఇస్తుంది. పేజీ దొరికేది మొదటిసారి రాసినప్పుడు, పేజ్ ఫాల్ట్‌లో (ఇంకా పేజీ లేని చిరునామా ముట్టగానే కెర్నల్‌కి వెళ్లే పిలుపు). ఆ క్షణాన ఆ థ్రెడ్ ఏ సీపీయూ మీద ఉందో ఆ నోడ్ నుంచే. చదవడం మాత్రమే జరిగితే అందరికీ ఉమ్మడి జీరో పేజీ తగిలిస్తుంది, అసలు పేజీ రాత దాకా రాదు. కాబట్టి ముందుగా ఓసారి చదివి మెమరీ వేడెక్కించాను అనుకుంటే ఏమీ కాలేదన్నమాట.

మామూలుగా జరిగే పొరపాటు ఇలా ఉంటుంది. మెయిన్ థ్రెడ్ 40 జీబీ అర్రే తీసుకుని మెమ్‌సెట్ చేస్తుంది, ఆ తర్వాత 32 వర్కర్ థ్రెడ్‌లు, నోడ్‌కి 16 చొప్పున, దాని మీద పడతాయి. ప్రాక్ కింద ఆ పీఐడీ నూమా_మ్యాప్స్ తెరిస్తే ఆ రేంజ్ వరుసలో డిఫాల్ట్, అనాన్=10485760, డర్టీ=10485760, ఎన్0=10485760 అని ఉంటుంది. ఎన్1 అన్నదే ఉండదు. 40 జీబీ మొత్తం నోడ్ 0లో. నోడ్ 1 మీది 16 థ్రెడ్‌లు ప్రతి రీడ్‌కీ సాకెట్ దాటి వస్తాయి, నోడ్ 0 మెమరీ కంట్రోలర్ గొంతు దాకా మునిగి ఉంటుంది, నోడ్ 1 కంట్రోలర్ గోళ్లు గిల్లుకుంటూ ఉంటుంది. మెమ్‌సెట్‌ని వర్కర్లకే పంచి, ఎవరు వాడే భాగాన్ని వాళ్లే సున్నా చేసేలా రాస్తే ఎన్0=5242880, ఎన్1=5242880 అవుతుంది. అంతకు ముందు థ్రెడ్‌లని సీపీయూలకి కట్టేయాలి, లేకపోతే ముట్టుకున్నాక షెడ్యూలర్ అటుదిటు చేస్తుంది.

టీహెచ్‌పీ (కెర్నల్ తానే పెద్ద పేజీలివ్వడం) ఆన్‌లో ఉంటే ఒక ఫాల్ట్‌కి 2 ఎంబీ, అంటే 512 పేజీలు కలిసి వస్తాయి. రెండు థ్రెడ్‌ల భాగాల సరిహద్దు 2 ఎంబీ మధ్యలో పడితే ముందు ముట్టినవాళ్ల నోడ్‌కే ఆ ముక్కంతా పోతుంది. 40 జీబీలో ఇది చిల్లరే. థ్రెడ్‌కి 3 ఎంబీ బఫర్లు పక్కపక్కన పెట్టుకున్న ప్రోగ్రామ్‌లో కాదు. సరిహద్దుల్ని 2 ఎంబీకి అలైన్ చేస్తే పోతుంది.

అర్రేని అందరూ యాదృచ్ఛికంగా చదువుతారు, ఎవరి భాగం వాళ్లది అనేదే లేదు అంటే ఇంటర్‌లీవ్ మేలు. నూమాసీటీఎల్ ఇంటర్‌లీవ్=ఆల్ పెడితే పేజీలు నోడ్‌ల మీద వంతులవారీగా పడతాయి. ప్రతి రీడూ సగటున సగం దూరపుదే, కానీ రెండు కంట్రోలర్లూ పనిచేస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ_నూమా_ఇంటర్‌లీవ్ ఆప్షన్ బఫర్ పూల్‌కి ఇదే చేస్తుంది. 6.9 కెర్నల్ నుంచి వెయిటెడ్ ఇంటర్‌లీవ్ కూడా వచ్చింది: వేగం తేడాగా ఉన్న నోడ్‌లకి 3 పేజీలిటు, 1 పేజీ అటు అని బరువులు ఇవ్వొచ్చు.

బైండ్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను: నోడ్ నిండితే ప్రాసెస్ చావడమే మేలు అనుకునే చోట తప్ప మెంబైండ్ వాడకండి. ప్రిఫర్డ్ సరిపోతుంది, అది నిండితే పక్కకి పోతుంది. నోడ్‌లు ఒకటికన్నా ఎక్కువ ఇష్టపడాలంటే 5.15 నుంచి ప్రిఫర్డ్_మెనీ ఉంది.

ఎంబైండ్ కాల్‌లో ఉన్న ఉచ్చులు

ఒకే రేంజ్‌కి పాలసీ పెట్టడానికి ఎంబైండ్ సిస్టమ్ కాల్. మొదలు చిరునామా పేజీ అలైన్‌మెంట్‌లో లేకపోతే ఈఇన్‌వాల్ (చెల్లని విలువ అన్న ఎర్రర్). అది అందరికీ తెలుసు. తెలియనిది మ్యాక్స్‌నోడ్. మాస్క్‌లో ఎన్ని బిట్లు చూడాలో చెప్పే ఈ అంకెని కెర్నల్ లోపల ముందే ఒకటి తగ్గించేస్తుంది. రెండు నోడ్‌లే కదా అని మ్యాక్స్‌నోడ్‌గా 2 ఇచ్చి, మాస్క్‌లో రెండు బిట్లూ వెలిగిస్తే కెర్నల్ మొదటి బిట్ ఒక్కటే చూస్తుంది. ఇంటర్‌లీవ్ అడిగారు, ఎర్రర్ రాలేదు, పేజీలన్నీ నోడ్ 0లోనే. నోడ్ 1 ఒక్కదానికే బైండ్ అడిగితే మాస్క్ ఖాళీ అయిపోయి ఈఇన్‌వాల్ వస్తుంది, కనీసం తెలుస్తుంది. లిబ్‌నూమా లోపల ఒకటి కలిపి పంపుతుంది కాబట్టి దాన్ని వాడేవాళ్లకి ఈ బాధ లేదు. నేరుగా సిస్టమ్ కాల్ కొట్టేవాళ్లు మాస్క్ సైజు బిట్లలో ఇచ్చి ఒకటి కలపండి.

రెండోది. ఎంబైండ్ సక్సెస్ అని వచ్చినా అప్పటికే ఉన్న పేజీలు కదలవు. పాలసీ రాబోయే ఫాల్ట్‌లకే. ఉన్నవి కూడా కదలాలంటే ఎంపోల్_ఎంఎఫ్_మూవ్ ఫ్లాగ్ కావాలి, అది కూడా ఈ ప్రాసెస్ ఒక్కటే వాడుతున్న పేజీలనే కదుపుతుంది. పంచుకున్న పేజీలు కూడా కదలాలంటే మూవ్_ఆల్, దానికి క్యాప్_సిస్_నైస్ అధికారం ఉండాలి. ఆర్‌డీఎంఏ, వీఎఫ్‌ఐఓ లాంటివి పరికరాల కోసం పిన్ చేసిన (కదలకుండా కట్టేసిన) పేజీలు ఏం చేసినా కదలవు. స్ట్రిక్ట్ ఫ్లాగ్ కూడా కలిపితే అలాంటప్పుడు ఈఐఓ ఎర్రర్ ఇస్తుంది, లేకపోతే మౌనమే.

ఫైల్‌ని ఎంమ్యాప్ షేర్డ్‌గా చేసి దాని మీద ఎంబైండ్ కొట్టడం వృథా. మామూలు ఫైల్ సిస్టమ్ మీద ఆ పాలసీని పట్టించుకోరు, పేజ్ కాష్ పేజీ తెచ్చిన థ్రెడ్ పాలసీయే చెల్లుతుంది. మెమరీలోనే ఉండే టీఎంపీఎఫ్‌ఎస్‌లో మాత్రం పనిచేస్తుంది.

హ్యూజ్ పేజీలది (ముందే పక్కన పెట్టుకునే 2 ఎంబీ పేజీలు) వేరే కథ. ఎన్‌ఆర్_హ్యూజ్‌పేజెస్‌లో 1024 రాస్తే కెర్నల్ వాటిని నోడ్‌లకి సమంగా పంచుతుంది, నోడ్‌కి 512. ఒక ప్రాసెస్ 600 పేజీలు ఎంమ్యాప్ చేసుకుని, ఆ తర్వాత ఆ రేంజ్‌ని ఎంబైండ్‌తో నోడ్ 0కి కడుతుంది. ఎంమ్యాప్ అప్పుడు సిస్టమ్ మొత్తం లెక్క చూసి సరే అంటుంది. 513వ పేజీ ముట్టుకోగానే సిగ్‌బస్ సిగ్నల్, ప్రాసెస్ పోతుంది. నోడ్‌ల వారీగా కేటాయించాలంటే సిస్ కింద ఆ నోడ్ డైరెక్టరీలోని హ్యూజ్‌పేజెస్-2048కేబీలో ఎన్‌ఆర్_హ్యూజ్‌పేజెస్ ఫైల్‌లో రాయాలి. మెషిన్ చాలాసేపు నడిచాక రాస్తే మెమరీ ముక్కలైపోయి అడిగినన్ని రావు, రాసిన వెంటనే అదే ఫైల్‌ని చదివి చూసుకోవాలి. బూట్‌లోనే ఇవ్వడం పద్ధతి: 5.16 నుంచి హ్యూజ్‌పేజెస్=0:600,1:100 అని నోడ్‌ల వారీగా రాయొచ్చు.

కెర్నలే సర్దితే

ఆటోమేటిక్ నూమా బ్యాలెన్సింగ్ 3.8 నుంచి ఉంది. పేజీల పీటీఈలని (పేజ్ టేబుల్ ఎంట్రీలు) కావాలని ప్రాట్_నన్‌గా (ఎవరూ ముట్టకూడదని) మార్చి, ఎవరు ముట్టి ఫాల్ట్ తెచ్చుకుంటారో చూస్తుంది. వరుసగా రెండు ఫాల్ట్‌లు ఒకే నోడ్ నుంచి వస్తే పేజీని అటు తీసుకెళ్తుంది, లేదా థ్రెడ్‌నే మెమరీ దగ్గరికి పంపుతుంది. ఒక్కో విడత 256 ఎంబీ, విడతల మధ్య 1 సెకను నుంచి 60 సెకన్ల దాకా. ఈ అంకెలు 5.12 దాకా సిస్‌సీటీఎల్‌లో ఉండేవి, ఇప్పుడు డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో షెడ్ కింద ఉన్నాయి. పాత స్క్రిప్టులు ఇక్కడ విరుగుతాయి.

మీరే థ్రెడ్‌లూ మెమరీ రెండూ కట్టేసి ఉంటే దీన్ని ఆపేయండి, ఊరికే ఫాల్ట్‌ల ఖర్చు. కట్టకపోతే ఉంచండి. పనిచేస్తోందో లేదో వీఎంస్టాట్‌లో నూమా_హింట్_ఫాల్ట్స్, నూమా_హింట్_ఫాల్ట్స్_లోకల్, నూమా_పేజెస్_మైగ్రేటెడ్ చూస్తే తెలుస్తుంది. లోకల్ వాటా పెరుగుతూ మైగ్రేటెడ్ నెమ్మదిస్తే కుదురుకుంటోంది. మైగ్రేటెడ్ గంటల తరబడి అదే జోరున పెరుగుతుంటే పేజీలు రెండు నోడ్‌ల మధ్య బంతాట ఆడుతున్నాయి, ఇంటర్‌లీవ్‌కి మారడం మంచిది. నూమా_హిట్, నూమా_మిస్ మాత్రం ఈ పనికి చూడకండి. అవి అలొకేషన్ల లెక్క. 40 జీబీ అర్రే ఉదాహరణలో నూమా_హిట్ నూటికి నూరు, ఎందుకంటే మెయిన్ థ్రెడ్ అడిగిన చోటే దొరికింది. రీడ్‌లు ఎక్కడికి పోతున్నాయో తెలియాలంటే పెర్ఫ్ మెమ్‌తో హార్డ్‌వేర్ శాంపిళ్లు తీయాల్సిందే.

నడుస్తుండగా కలపడం, తీయడం

మెమరీ హాట్‌ప్లగ్‌లో పని బ్లాక్‌ల లెక్కన జరుగుతుంది. బ్లాక్ 128 ఎంబీ నుంచి, 64 జీబీ పైబడిన అసలు మెషిన్లలో 2 జీబీ దాకా. సిస్ కింద బ్లాక్_సైజ్_బైట్స్‌లో హెక్స్‌లో ఉంటుంది. కొత్త బ్లాక్ స్టేట్ ఫైల్‌లో ఆన్‌లైన్_మూవబుల్ రాస్తే మూవబుల్ జోన్‌కి (కదల్చగల పేజీలకే), ఆన్‌లైన్_కెర్నల్ రాస్తే నార్మల్‌కి పోతుంది. తర్వాత తీయాలనుకుంటే మూవబుల్ తప్ప దారి లేదు. నార్మల్‌లో పడిన బ్లాక్‌లో ఒక్క స్లాబ్ పేజీ (కెర్నల్ సొంత డేటాది), ఒక్క పేజ్ టేబుల్ కూర్చున్నా ఆఫ్‌లైన్ ఈబిజీ ఎర్రర్‌తో తిరిగొస్తుంది, ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. అలాగని అంతా మూవబుల్‌లో వేస్తే కెర్నల్ తన స్లాబ్‌లకీ పేజ్ టేబుళ్లకీ అక్కడ చోటు తీసుకోలేదు; మూవబుల్‌లో పదుల జీబీలు ఖాళీగా ఉండగా నార్మల్ అయిపోయి ఓఓఎం వస్తుంది. కెర్నల్ ఆటో-మూవబుల్ పాలసీ డిఫాల్ట్‌గా నార్మల్‌కి మూడింతలు, ఖచ్చితంగా చెప్పాలంటే 301 శాతం, దాటనివ్వదు. చేత్తో చేసేవాళ్లకి కూడా ఆ హద్దు మంచి కొలత. కొత్త బ్లాక్ స్ట్రక్ట్ పేజ్‌లు పాత మెమరీలోంచి పోతాయన్నది కూడా మరవకండి. మెమరీ_హాట్‌ప్లగ్.మెమ్‌మ్యాప్_ఆన్_మెమరీ పెడితే ఆ బ్లాక్‌లోంచే తీసుకుంటుంది.

సీఎక్స్‌ఎల్ కార్డు (పీసీఐ దారిలో మెమరీ కలిపేది) మెమరీ ఇలాగే, సీపీయూలు లేని నోడ్‌గా వస్తుంది. దాని మీద ఏ థ్రెడూ నడవదు కాబట్టి మొదట ముట్టిన నోడ్ లెక్కలో అది ఎప్పటికీ ముందు రాదు, ఫాల్‌బ్యాక్‌లోనే నిండుతుంది. సిస్ కింద కెర్నల్, ఎంఎం, నూమాలో డిమోషన్_ఎనేబుల్డ్ ఆన్ చేస్తే డీర్యామ్‌లో చల్లారిన పేజీలని స్వాప్‌కి బదులు అటు దింపుతుంది. నూమా_బ్యాలెన్సింగ్‌లో 2 రాస్తే వేడెక్కిన వాటిని మళ్లీ పైకి తెస్తుంది. ఒకటి ఆన్ చేసి రెండోది మరిచిపోతే పేజీలు దిగడమే గానీ ఎక్కడం ఉండదు.

ఇవన్నీ ప్రయత్నించడానికి రెండు సాకెట్ల మెషిన్ అక్కర్లేదు. నూమా ఎమ్యులేషన్‌తో కట్టిన కెర్నల్‌కి బూట్ లైన్‌లో నూమా=ఫేక్=4 ఇస్తే ల్యాప్‌టాప్ కూడా నాలుగు నోడ్‌లవుతుంది. హోల్స్, మెమరీ లేని నోడ్‌లు, ఎగుడుదిగుడు దూరాలు కావాలంటే వర్చువల్ మెషిన్ నడిపే క్యూఈఎంయూ మేలు: నోడ్‌కో మెమరీ బ్యాకెండ్, నోడ్‌కి సీపీయూలు ఇవ్వడమో మానడమో, డిస్ట్ ఆప్షన్‌తో దూరాలు. దాంతో మ్యాక్స్‌నోడ్ ఉచ్చు, 513వ హ్యూజ్ పేజీ సిగ్‌బస్, ఈబిజీ ఆఫ్‌లైన్, మొదటి పేరాలోని ఓఓఎం వరుస, అన్నీ రప్పించొచ్చు. స్పీడ్ కొలతలకి మాత్రం పనికిరాదు: బ్యాకెండ్‌లకి హోస్ట్-నోడ్స్, పాలసీ=బైండ్ ఇవ్వకపోతే గెస్ట్‌లోని రెండు నోడ్‌లూ హోస్ట్‌లో ఒకే డిమ్ మీద ఉండొచ్చు, గెస్ట్ స్లిట్ మాత్రం దూరం 21 అనే చెప్తుంది.